బర్గర్ కోసం బెంగుళూరా?

"ఏరా, బన్ను ముక్క తినడానికి బెంగుళూరు దాకా పోవాలా? ఏలూరు రోడ్డులో దొరకదా?" అని మా పెద్దమ్మ ఓసారి పదిమందిలో అడిగేసింది. పెళ్ళి భోజనాల దగ్గర. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంకేం చేస్తాం. అప్పటికే మా చుట్టాల్లో నా గురించి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది: "మంచి ఉద్యోగమే గానీ, జుట్టు విరబోసుకుని అరిచే వాళ్ళ కచేరీలకి వేలు తగలేసి టిక్కెట్లు కొంటాడు, ఏ ఊరెళ్ళినా ముందు బర్గర్ ఎక్కడ బావుంటుందో వెతుక్కుంటాడు" అని. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు, అదీ నా బాధ.

కానీ ఈ నవ్వు మీద నాకో ఫిర్యాదు ఉంది. తిరుపతి వెళ్ళొచ్చి లడ్డూ గురించి అరగంట మాట్లాడితే ఎవరూ నవ్వరు. బందరు వెళ్ళి లడ్డూ, హల్వా పొట్లాలు కట్టించుకొస్తే "మాకేవీ?" అంటారు. త్యాగరాజ ఆరాధనకి తిరువయ్యారు వెళ్ళొస్తే దణ్ణం పెడతారు. ఊరు దాటి పాట వినడం, విన్నాక ఆ ఊళ్ళో మంచి తిండి వెతుక్కోవడం, రెండూ మన వాళ్ళు ఎప్పట్నించో చేస్తున్న పనులే. గిటారు, బన్ను వచ్చేసరికే అది వేషాలెయ్యడం అయిపోతుందా?

సరే, అసలు సంగతికొస్తాను.

2007 మార్చి 17న బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ కచేరీ. ఇండియాలో వాళ్ళు వాయించడం అదే మొదటిసారి. కాలేజీ రోజుల్లో మొగల్రాజపురం గదిలో, ఎవడో కాపీ కొట్టి ఇచ్చిన సీడీలో విన్న గొంతు మన గడ్డ మీద కొచ్చి పాడుతోందంటే ఎలా ఉంటుందో, ఆ పిచ్చి ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. లేనివాళ్ళకి చెప్పినా లాభం లేదు. విజయవాడలో రాత్రి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, నేనూ ఇంకో ఇద్దరూ. ముగ్గురికీ నల్ల టీషర్ట్‌లే. కింది బెర్తులో పుట్టపర్తి వెళ్తున్న పెద్దావిడ మా చొక్కాల మీద పుర్రె బొమ్మలు చూసి, పాపం, కాళ్ళు కొంచెం లోపలికి ముడుచుకుంది. పొద్దున శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్లో బోగీ సగం ఖాళీ అయ్యింది. దిగేవాళ్ళందరూ తెల్ల బట్టల్లో, మేము నల్ల బట్టల్లో. మావాడు "మావా, వాళ్ళ కచేరీకి వాళ్ళు, మన కచేరీకి మనం" అన్నాడు. ఆ మాట అప్పుడు జోకే. దాని సంగతి తర్వాత చెబుతాను.

కచేరీ గురించి రాయను. రాయడం మొదలెడితే ఆగదు. కచేరీ అయ్యాక సంగతి చెబుతా. నిలబడి, గెంతి, అరిచి, చెమటతో తడిసి బయటకొస్తే కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. ఆ రోజుల్లో బెంగుళూరులో రాత్రి పదకొండు దాటితే పోలీసులు షట్టర్లు దింపించేసేవాళ్ళు. మేం ముందే ఎంచి పెట్టుకున్న బర్గర్ కొట్టు (పేరు చెప్పను) చేరేసరికి కుర్చీలు బల్లల మీదకి ఎక్కాయి. బతిమాలితే మిగిలినవేవో మూడు ఇచ్చాడు. చల్లారిపోయిన బన్ను, మధ్యలో అట్టముక్క లాంటిది, దాని మీద మయొనీజ్. తింటూ ఉంటే ఎదురుగా ఒక ఆటోవాడి రేడియోలో వరల్డ్ కప్ మ్యాచ్ కామెంటరీ. ఆ రాత్రే బంగ్లాదేశ్ చేతిలో మనం ఓడిపోయాం. పాట స్వర్గం, తిండి నరకం, క్రికెట్ సంగతి సరేసరి. చివరికి ఒక సందులో తోపుడు బండి మీద ఎగ్ రైస్, గోబీ మంచూరియా కనబడితే, ఆ బండి ఆయన కాళ్ళకి మొక్కుదామన్నంత పనైంది.

ఆ చేదు అనుభవం నుంచే నాకు బర్గర్ మీద పట్టుదల మొదలైంది. ఇంత తేలికైన వస్తువుని ఇంతమంది ఎందుకు పాడు చేస్తున్నారు? రొట్టె, మాంసం ముద్ద, ఉల్లిపాయ. అంతేగా! ఆఫీసు పని మీద బయటి దేశాలు తిరిగినప్పుడు, కచేరీల కోసం తిరిగినప్పుడు, కనబడిన ప్రతి వంటింటి గుమ్మం దగ్గరా నిలబడి చూశాను. అర్థమైంది ఏమిటంటే, ఇది పెసరట్టు విద్య. పెనం వేడి తెలియాలి. పెనం చాలినంత కాలకపోతే ముద్ద నీరు వదిలేసి ఉడుకుతుంది, కాలదు. కాలితేనే ఆ గోధుమరంగు పెచ్చు, ఆ వాసన. రెండోది ఉప్పు. చాలామంది కీమాలో ఉప్పు ముందే వేసి పిసుకుతారు. అలా చేస్తే మాంసంలో ప్రోటీన్లు జిగురెక్కి ముద్ద బిగుసుకుపోతుంది, కొరికితే రబ్బరు బంతే. ఉప్పు పెనం మీద పడే ముందు, పైపైన జల్లాలి. మూడోది కొవ్వు. ఇక్కడే మనకి చిక్కు. అమెరికా వాడి బర్గర్ గొడ్డుమాంసంది, అందులో కొవ్వు బాగా ఉంటుంది. మన దగ్గర కోడి. కోడి రొమ్ము ముక్క కీమా కొడితే కొవ్వు ఉండదు, ఎండిపోతుంది. 1996లో మెక్‌డొనాల్డ్స్ ఢిల్లీలో మొదటి కొట్టు తెరిచినప్పుడు గొడ్డుమాంసం లేకుండా మెనూ మొత్తం మార్చుకోవాల్సొచ్చింది. ఆలూ టిక్కీ బర్గర్ అలా పుట్టిన రకమే. తొడ మాంసం వాడి, బన్ను లోపలివైపు వెన్న రాసి కాలిస్తే కోడితో కూడా అద్భుతంగా వస్తుంది, కానీ ఆ ఓపిక ఎవరికి?

(మా కాలనీలో బర్గర్ అమ్మేవాడు బన్నుని మైక్రోవేవ్‌లో పెడతాడు. మైక్రోవేవ్ పెట్టిన బన్ను రెండు నిముషాల్లో చెప్పు తోలు అయిపోతుంది. చెబితే "సార్, టైం లేదు సార్" అన్నాడు. సరే.)

ఇప్పుడు, రాక్ కచేరీకీ మంచి బర్గర్‌కీ మధ్య ఈ చుట్టరికం ఎవరు కలిపారు అని వెతికితే తగిలిన కథ ఇది. 1971 జూన్ 14న లండన్‌లో, హైడ్ పార్క్ మూలన, ఒకప్పుడు రోల్స్ రాయిస్ కార్లు అమ్మిన చోట, ఇద్దరు అమెరికన్ కుర్రాళ్ళు ఒక హోటల్ తెరిచారు. ఐజాక్ టిగ్రెట్, పీటర్ మోర్టన్. లండన్ నిండా వెతికినా తమ ఊరి లాంటి బర్గర్ దొరకలేదన్నది వాళ్ళ బాధ. అదే హార్డ్ రాక్ కఫే. ఎరిక్ క్లాప్టన్ అక్కడికి వచ్చి కూర్చునేవాడు. తన చోటు గుర్తుగా ఉండాలని ఒక గిటారు ఇచ్చాడు, అది గోడకి తగిలించారు. కొన్నాళ్ళకి పీట్ టౌన్‌షెండ్ కూడా ఒక గిటారు పంపించాడు, నాదీ దానికేం తీసిపోదు అన్న చీటీతో సహా. గోడల నిండా గిటార్లు అలా మొదలయ్యాయి. 1973లో పాల్ మెకార్ట్నీ తన వింగ్స్ బృందంతో అక్కడ వాయించాడు. అంటే నాలాగా బర్గర్ దొరక్క ఏడ్చిన ఇద్దరు, ఏడుస్తూ కూర్చోకుండా కొట్టు పెట్టేశారన్నమాట. మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఇంకా రివ్యూలు రాస్తూనే ఉన్నాం.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. నేను కుర్చీలోంచి లేచిన ముక్క దీని తర్వాతది. టిగ్రెట్ సత్యసాయిబాబా భక్తుడు. హార్డ్ రాక్ గోడల మీద ఉండే 'అందరినీ ప్రేమించు, అందరికీ సేవ చెయ్యి' అన్న మాట ఆయన పుట్టపర్తి నుంచి తీసుకెళ్ళిందే. 1988లో ఆయన తన వాటా అమ్మేశాడు. వచ్చిన డబ్బులో పెద్ద మొత్తమే పుట్టపర్తిలో ఆసుపత్రికి ఇచ్చాడు. 1990 నవంబరులో ఆసుపత్రి కడతామని ప్రకటించారు, ఏడాది తిరక్కుండానే, 1991 నవంబరు 22న, ప్రధాని పి.వి. నరసింహారావు వచ్చి ప్రారంభించారు. గుండె ఆపరేషన్లు, పైసా తీసుకోకుండా.

నేను బాబా భక్తుణ్ణి కాను. ఆయన మీద జరిగిన వాదోపవాదాలు నాకూ తెలుసు, వాటిలోకి ఇప్పుడు దిగను. కానీ ఈ ఆసుపత్రి సంగతి నాకు వేరే.

మా పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్నయ్యకి చిన్నప్పుడు గుండెలో రంధ్రం అన్నారు. నాలుగడుగులు పరిగెడితే పెదాలు నీలంగా అయిపోయేవి. మేమంతా గోదాల్లో, కాలవగట్ల మీదా గెంతుతుంటే వాడు అరుగు మీద కూర్చుని స్కోరు రాసేవాడు. విజయవాడలో చూపిస్తే మద్రాసు తీసుకెళ్ళమన్నారు, ఖర్చు చెప్పారు. ఉయ్యూరు పక్కన రెండెకరాల చెరుకు మీద బతికే ఇల్లు, ఆ రెండెకరాలూ అమ్మితే గానీ తేలదు. పెదనాన్న బేరం కూడా పెట్టాడు. అంతలో ఎవరో పుట్టపర్తి మాట చెప్పారు. 1994లో, రైల్లో ధర్మవరం దాకా, అక్కణ్ణించి బస్సు (పుట్టపర్తికి అప్పటికింకా రైలు లేదు), పెద్దమ్మ పిల్లాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని వెళ్ళింది. ఆపరేషన్ అయ్యింది. నెల తర్వాత తిరిగొచ్చి ఆవిడ చెప్పిన మొదటి మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు: "బిల్లు కట్టే కిటికీ ఎక్కడుందో వెతికాను, లేదే!" పొలం బేరం వెనక్కి తీసుకున్నారు. అన్నయ్య ఇప్పుడు అదే పొలంలో ఉన్నాడు. నాకంటే బలంగా ఉంటాడు, పైగా నేను గేదెని తోలలేనని వెక్కిరిస్తాడు.

2007లో పుర్రె బొమ్మ చొక్కా వేసుకుని ఆ స్టేషన్ దాటినప్పుడు నాకీ ముడి తెలియదు. ఆసుపత్రి ఆ ఊళ్ళో ఉందని తెలుసు, అన్నయ్య గుర్తొచ్చాడు కూడా. కానీ దాని గోడల్లో కొంత రాక్ సంగీతమూ, బర్గర్లూ ఉన్నాయని ఎవరికి తెలుసు? తెలిశాక బెంగుళూరు సెయింట్ మార్క్స్ రోడ్డులో హార్డ్ రాక్‌కి ఒక్కణ్ణే వెళ్ళాను. అప్పటికి ఆ కంపెనీ ఎన్నో చేతులు మారింది. 2007లో అమెరికా ఆదివాసులైన సెమినోల్ తెగ వాళ్ళు దాన్ని 96.5 కోట్ల డాలర్లకి కొనుక్కున్నారు, అదింకో వింత. గోడ మీద ఆ మాట చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. వెయిటరు రెండుసార్లు వచ్చి "ఎనీథింగ్ ఎల్స్ సర్?" అన్నాడు.

ఈ కథ చెప్పి 'చూశారా, బర్గర్ గొప్పది' అనను. టిగ్రెట్ లాంటివాడు ఇడ్లీ అమ్మినా ఇచ్చేవాడే. నేననేది ఏమిటంటే, పాటా తిండీ కలిసిన చోట జనం చేరతారు, జనం చేరిన చోట డబ్బూ, మనసూ రెండూ పోగవుతాయి. దాన్ని కుర్రాళ్ళ కొవ్వు కింద కొట్టిపారేయకండి. అసలు మన కృష్ణా జిల్లాకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మొవ్వ క్షేత్రయ్య ఎవరు? ఊరూరూ తిరిగి పాడినవాడు. మదురలో రెండు వేల పదాలు, తంజావూరులో వెయ్యి, గోల్కొండలో పదిహేను వందలు కట్టానని తన పదంలో తనే లెక్క చెప్పుకున్నాడు. ఏ రాక్ బృందం చొక్కా వెనకాల ఊళ్ళ పట్టీ అచ్చేస్తారు చూడండి, అచ్చంగా అదే. మధుర, తంజావూరు, గోల్కొండ. ఆయన ఏ ఊళ్ళో ఏం తిన్నాడో కూడా చెప్పి ఉంటే ఎంత బావుండేది!

మొవ్వ పక్కనే కూచిపూడి. అక్కడి భాగవతులు మేళం కట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు, రాత్రి మొదలెడితే తెల్లారేదాకా ఆట. నా చిన్నతనానికి మా వైపు మిగిలింది పద్య నాటకాలు, హరికథలు, శ్రీరామనవమి పందిళ్ళు. నాటకం సగంలో ఆపి, కృష్ణుడి వేషం ఆయన పెట్రోమాక్స్ వెనకాల టీ తాగుతుంటే, మేము బజ్జీల బండి చుట్టూ మూగేవాళ్ళం. మిరపకాయ బజ్జీ మధ్యకి కోసి ఉల్లిపాయ కూరి నిమ్మకాయ పిండి ఇచ్చేవాడు. ఆలోచించండి, అది బర్గర్ కాక మరేమిటి? పైనా కిందా పిండి, మధ్యలో సరుకు. పునుగులైతే వేరే లెక్క: పిండి కొంచెం పులిసి ఉండాలి, నూనెలో పైన కరకరలాడి లోపల దూదిలా ఉండాలి, అల్లం చట్నీ ముక్కులోంచి రావాలి. విజయవాడలో పునుగులు తిన్నవాడికి ఇంకే ఊళ్ళోనూ నచ్చవు. ఇది అభిమానం కాదు, కొలిచి చెబుతున్నా. ఇక గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న పూసిన ఇడ్లీ సంగతి సరేసరి. సత్యనారాయణపురంలో ఉండగా బాలమురళి గారు కూడా ఆ ఇడ్లీ రుచి చూసే ఉంటారని నా ఊహ. ఎనిమిదేళ్ళ వయసులో ఇదే విజయవాడలో, త్యాగరాజ ఆరాధనలో, మొదటి కచేరీ చేసిన మనిషి. ఆయన్ని రాత్రి పొద్దుపోయేదాకా కదలకుండా విన్న ఊరు ఇది.

మరి ఇప్పుడో? తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో తొమ్మిదిన్నరకే సన్మానం శాలువాలు కప్పేసి లైట్లు ఆర్పుతారు. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు బంద్, మూసిన హాళ్ళకి మినహాయింపు ఉన్నా సరే. 2005లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక ఇంకా బిగిసింది. నేను నియమాన్ని తప్పుపట్టను. గుండె జబ్బు మనిషి ఇంట్లో ఉంటే పక్కింటి డీజే ఎలా ఉంటుందో మా పెద్దమ్మకి తెలుసు. కానీ అవే నియమాల్లో, పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ ఏడాదికి పదిహేను రోజులు మించకుండా రాత్రి పన్నెండు దాకా ప్రభుత్వం వెసులుబాటు ఇవ్వొచ్చని కూడా ఉంది. ఆ పదిహేను రాత్రులూ ఎవరికి పోతున్నాయి? రాజకీయ నాయకుడి పుట్టినరోజు డీజే ఎన్నింటికి ఆగుతుందో బెజవాడలో ఉండేవాళ్ళని అడగండి. పాటకి మాత్రం పది గంటల కర్ఫ్యూ. పాట పోయాక బండి కూడా పోతుంది. పదింటికే సైరన్ వేసుకుని జీపు వస్తే, పెనం ఎవడు కాలుస్తాడు? రాత్రి కళకళలాడే తిండి చూడాలంటే ఇప్పుడు విజయవాడ రైల్వే స్టేషనే గతి. ఒంటిగంటకి ప్లాట్‌ఫారం మీద వేడివేడి బ్రెడ్ ఆమ్లెట్, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, మాడిన అంచు. నా వరకూ మా జిల్లా బర్గర్ అదే. దాని పక్కన పాటే లేదు, అనౌన్స్‌మెంట్లు తప్ప.

ఐదొందలు మైళ్ళకి తక్కువ కాకుండా తిరిగి మా కుర్రాళ్ళు బెంగుళూరులో కచేరీ చూసొస్తారు. 2011 అక్టోబర్ 30న మెటాలికాకి వెళ్ళినప్పుడు ప్యాలెస్ గ్రౌండ్స్ క్యూలో నా వెనకాల గుడివాడ, నా ముందు తెనాలి. "మీరూ మనవాళ్ళేనా అండీ?" అంటూ పరిచయాలు. బైట బళ్ళ దగ్గర ఏది తినాలో తెనాలి కుర్రాడే చెప్పాడు, ముందురోజు వచ్చి అన్నీ రుచి చూసి పెట్టాట్ట. ఆ కుర్రాడి మీద నాకు అపారమైన గౌరవం. వీళ్ళకి కృష్ణ ఒడ్డున ఒక్క రాత్రి, పన్నెండు దాకా, పదిహేనులో ఒక్కటంటే ఒక్కటి ఇవ్వండి. ముందు కూచిపూడి వాళ్ళ భామాకలాపం, తర్వాత గిటార్లు. చుట్టూ పునుగుల బళ్ళు. ఎవరైనా ఓపికున్నవాళ్ళు బర్గర్ కూడా పెట్టుకోవచ్చు, మైక్రోవేవ్ లేకుండా.

మొన్న ఉయ్యూరు వెళ్ళినప్పుడు పెద్దమ్మకి టిగ్రెట్ కథ మొత్తం చెప్పాను. గిటార్లు, లండన్, వాటా అమ్మడం, ఆసుపత్రి. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. అన్నయ్య పెరట్లో ఉన్నాడు, అటు చూసింది. తర్వాత, "అయితే ఆ బర్గర్ ఏదో చెయ్యి, చూద్దాం" అంది.

కోడి తొడ మాంసం తెప్పించి, చేత్తో కొట్టి, దోసెల పెనం మీద, బందరు రోడ్డు బేకరీ బన్నులు వెన్నలో కాల్చి చేశాను. నాకు తెలిసిన విద్యంతా పెట్టి చేశాను. అన్నయ్య రెండు తిన్నాడు. పెద్దమ్మ కొసరు కొరికి, నమిలి, పళ్ళెం పక్కన పెట్టి, "మాంసంలో ముందే ఉప్పేసి కలపలేదేంట్రా? అల్లం వెల్లుల్లి కూడా లేదు. దీనికోసమా నువ్వు బెంగుళూరెళ్ళేది?" అంది. మిగిలిన ముద్దకి ఆవిడే మసాలా పట్టించి వేపుడు చేసేసింది.